పెరిన్ పెద్దమ్మ హారో

పెరిన్ పెద్దమ్మ ఏ దేశపు మనిషో చెప్పమంటే జెర్సీ ద్వీపంలో ముగ్గురు మూడు మాటలు చెబుతారు. ఆవిడనే అడిగితే నాలుగోది చెబుతుంది. అది మాత్రం తిట్టు.

ఇంగ్లీషు రాజు కింద ఉన్న జెర్సీకీ ఫ్రాన్సు ఒడ్డుకీ మధ్య కాల్వెట్ రాళ్లనే కొన్ని గుట్టలున్నాయి. పోటెత్తితే ఒక్కటి తప్ప అన్నీ మునుగుతాయి. మునగని గుట్ట మీద ఆవిడ మొగుడు క్లెమాన్ ఒక రాతి గుడిసె కట్టాడు. కట్టిన ఏడాదే వలేసుకుని వెళ్లి తిరిగి రాలేదు. "వస్తే ఇక్కడికే వస్తాడు, ఇంకెక్కడికి పోతాడు సన్నాసి" అని ఆవిడ ఆ గుట్ట దిగనే లేదు. తోడుగా ఒక మేక, ఒక కుండ. మలుగు చేప సూపు కాస్తే వాసన రెండు దేశాలకీ కొట్టేది.

పొగగొట్టం పక్కన ఒక చదును రాయి బయటికి పొడుచుకొచ్చి ఉండేది. ఎగిరి ఎగిరి అలిసిన మంత్రగత్తెలు దాని మీద కూర్చుంటే ఇంట్లోకి రారని మా ద్వీపంలో ప్రతి ఇంటికీ పెడతారు. పొద్దున్నే ఆ రాయి తడిగా ఉంటే పెద్దమ్మ "రాత్రి ఎవరో లావుపాటిదే వచ్చినట్టుంది" అని నవ్వేది. నవ్వుతూనే తలుపుకి ఇంకో గడియ పెట్టించింది.

బోనపార్టు యుద్ధాలు ముగిసినా, ఈ రాళ్లు ఎవరివన్న తగువు ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య ముగియలేదు. ఒక పొగమంచు పొద్దున, నీళ్లు బాగా వెనక్కి తీసిన వేళ, రెండు పడవలు గుట్టకి చెరోవైపు ఆగాయి. ఒకదాన్లో ఇంగ్లీషు దొర ఫెన్‌విక్. దారి చూపడానికి జెర్సీ పడవవాడు ఫిలిప్ వెంట ఉన్నాడు. ఇంకోదాన్లో ఫ్రెంచి దొర గెరామ్. ఇద్దరి చేతుల్లోనూ జెండాలే.

"ముసలమ్మా, నువ్వు మా రాజుగారి మనిషివి. ఆ మాట వీడికి చెప్పు," అన్నాడు ఫెన్‌విక్.

"ఏవమ్మా, నీ పేరు మాది, నీ ప్రార్థన మాది, ఆ సూపు కూడా మాదే. నువ్వు ఇంగ్లీషుదానివెలా అవుతావు?" అన్నాడు గెరామ్.

"సూపు నాది నాయనా. గరిటె కింద పెట్టు," అంది పెద్దమ్మ. తర్వాత ఫెన్‌విక్ వైపు తిరిగింది. "మా నార్మను తాతలు పడవలెక్కి వెళ్లి మీ దేశాన్ని గెలిచారు బాబూ. అంటే నువ్వే మా మనిషివి. కాళ్లు తుడుచుకుని లోపలికి రా."

ఫిలిప్ మొహం తిప్పుకుని నవ్వుకున్నాడు.

దొరలిద్దరూ చాలాసేపు అరుచుకున్నారు. చివరికి వందల ఏళ్లలో ఇంగ్లండూ ఫ్రాన్సూ మొదటిసారి ఒక్క మాట మీదికొచ్చాయి. గుడిసె పీకేసి ఆ చోట సరిహద్దు రాయి పాతుదాం అని గుసగుసలాడుకున్నారు.

"ఒరే ఫిలిప్పూ, వీళ్లేమంటున్నార్రా?"

"ఇల్లు తీసేస్తారట పెద్దమ్మా."

"తీసేస్తే ఆయనొచ్చి ఎక్కడ తలుపు తడతాడ్రా?"

 రెండు దేశాల నావికులూ కలిసి కప్పెక్కారు. ముందుగా చేతికందింది మంత్రగత్తెల రాయి. ఊడబెరికి కింద పడేశారు.

ఇలాంటప్పుడు అరవడానికి మా జెర్సీ వాళ్లకి హారో అనే మొర ఒకటి ఉంది. మా తాతల గడ్డ నార్మండీని ఏలిన తొలి ప్రభువును సాయం పిలవడం అది. అరిస్తే జరుగుతున్న పని ఎక్కడిదక్కడ ఆగాలి. తీసింది తిరిగి పెట్టాలి. అరిచిన మనిషి తానుగా వెనక్కి తీసుకునేదాకా ఎవరూ వేలు పెట్టకూడదు. కానీ ఆ ప్రభువు చచ్చి తొమ్మిది వందల ఏళ్లయింది. "పిలిస్తే రాడని ఎవరు చెప్పారే? ఊరికే పిలవకు," అని పెద్దమ్మ తల్లి భయపెట్టేది.

పెద్దమ్మ మోకాళ్ల మీద కూలబడింది. చేతులెత్తింది.

"హారో! హారో! హారో! నా ప్రభూ, వచ్చి ఆదుకో! నాకు అన్యాయం చేస్తున్నారు!"

ఫిలిప్ చప్పున టోపీ తీసేశాడు. దొరలు నవ్వారు.

ముందు మేక నమలడం ఆగింది. తర్వాత పొగగొట్టంలో పొగ దారానికి వేలాడేసినట్టు నిలిచిపోయింది. నెత్తి మీద నీటికాకి ఒకటి రెక్కలు చాపి అలాగే ఉండిపోయింది, ఎగరదు, పడదు. నీళ్లు తిరిగి రావాల్సిన వేళ అది. దూరాన ఒక అల లేచి, విరగకుండా నిలబడింది. పడవలు ఇసుకలో ఒరిగి ఉన్నాయి. అడుగున రాతిలోంచి ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టు చప్పుడు. బరువుగా, తీరిగ్గా.

"రాయి తిరిగి పెట్టండి దొరా!" అని అరిచాడు ఫిలిప్.

"తీసింది వాళ్లు," అన్నాడు ఫెన్‌విక్.

"మేం పెడితే తప్పు మాదని ఒప్పుకున్నట్టు," అన్నాడు గెరామ్.

చప్పుడు తలుపు దాకా వచ్చింది. అప్పుడు ఇద్దరు దొరలూ ఆ రాయికి చెరోవైపు పట్టుకుని, పళ్లు కొరుక్కుంటూ, కప్పెక్కి దాన్ని ఉన్నచోట పెట్టారు. అల విరిగింది. నీటికాకి కదిలింది. పడవల కిందికి నీళ్లు రాగానే జెండాలు అక్కడే వదిలేసి పారిపోయారు. దూరం వెళ్లాక ఫిలిప్ వెనక్కి చూశాడు. పొగ మాత్రం కదల్లేదు.

అతనికి మళ్లీ అటు వెళ్లే ధైర్యం వచ్చేసరికి జుట్టు నెరిసింది. వెళ్లేసరికి పొగ అలాగే నిలబడి ఉంది. పెద్దమ్మ అదే కుండ ముందు, అదే గరిటెతో ఉంది. ఒక్క ముడతా పెరగలేదు.

"వచ్చావా? ఇందాక వాళ్లు పారిపోవడం చూశావా? అరె, నీ జుట్టుకేమైందిరా?"

సూపు ఇంకా సలసల కాగుతోంది. బల్ల మీద రెండు గిన్నెలున్నాయి. రెండోదాని ముందు పీట మీంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

"పెద్దమ్మా," ఫిలిప్ గుమ్మం దాటలేదు, "మొర వెనక్కి తీసుకో."

"తీసుకుంటే ఇల్లు పీకుతారు."

"తీసుకోకపోతే నువ్విలాగే..."

"ఇలాగే ఉంటే నష్టమేంటిరా?" పెద్దమ్మ ఖాళీ పీట వైపు చూసి గొంతు తగ్గించింది. "ఈయన ప్రభువో, మా ఆయనో ఇంకా చెప్పలేదు. ఏ దేశం వాడివని మాత్రం నేను అడగలేదులే. నువ్వూ అడక్కు."