శెట్టెమ్మవ్వ సోఫా... మా అక్క అమెరికా సీటు

మా చిన్నప్పుడు... ఎర్రగుంట్లలో ఒకరోజు ఇంకా సరిగ్గా తెల్లారకముందే మా పడసాలలోకి సోఫా నడిచొచ్చింది. నలుగురు మోసుకొచ్చారు లెండి... కానీ ఈతచాప మీద నిద్రకళ్లతో లేచి కూర్చున్న నాకు అది దానంతటదే నడిచొచ్చినట్టు కనబడింది. ఎర్ర సోఫా, చేతుల మీద తెల్ల లేసు గుడ్డలు. ఎదురింటి శెట్టెమ్మవ్వది. మామూలు రోజుల్లో మమ్మల్ని దాని దరిదాపులకు కూడా రానిచ్చేది కాదు!

ఇంత హడావిడికీ కారణం నేనే.

అప్పుడు నాది నాలుగో తరగతి. మా పద్మక్క ఇంటర్ రెండో సంవత్సరం. వాళ్ల ఇంగ్లీషు మేడం దగ్గరుండి చెబితే అమెరికాలో ఒక కాలేజీకి దరఖాస్తు పెట్టింది. ఫీజు, హాస్టలు, తిండి... అంతా వాళ్లే పెట్టుకుంటేనే పోయేది. లేకపోతే లేదు. దానికోసం మా నాయన తన జీతం ఎంతో ఓనరు దగ్గర కాగితం రాయించుకొచ్చాడు. సిమెంటు లారీ డ్రైవరు ఆయన. మాకు ఇంతకన్నా స్తోమతు లేదని సంతకం పెట్టేటప్పుడు తల ఎత్తలేదు.

"ఇన్నాళ్లూ లేదని ఎవురి ముందరా అన్లేదు పాపా..." అన్నాడు అంతే. అక్క కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ కాలేజీవాళ్లు పోస్టులో పంపిన రంగుల పుస్తకం ఒకటి దేవుడి గూట్లో ఉండేది. సాయంత్రాలు దాన్ని తీసుకుని అక్కా నేనూ మిద్దె మీద బోర్లా పడుకునేవాళ్లం. అందులో చెట్ల ఆకులన్నీ ఎర్రగా ఉండేవి! మా ఊళ్లో ఆకులంటే ఫ్యాక్టరీ దుమ్ము పట్టి బూడిద రంగే... "ఆ చెట్లకేమయింది అక్కా?" అంటే "రాలేముందు ఆడ అట్లయితాయంట" అనేది. ఒక ఫొటోలో పెద్ద ఇటుకల మేడ, వరసగా కిటికీలు. ఒక్కదాంట్లోనే దీపం వెలుగుతుండేది. అది అక్క గది అని నేనే తేల్చేశాను. రోజూ తీసి చూసుకునేదాన్ని, దీపం ఉందా లేదా అని...

ఇంతలో ఆ కాలేజీ నుంచి ఒకామె కంప్యూటర్లో అక్కతో మాట్లాడుతుందని కబురొచ్చింది. వాళ్లకు సాయంత్రం, మనకు తెల్లవారుజాము. నా నోరు ఊరుకుంటుందా! "అమెరికామె మా యక్కతో మాట్లాడ్తాదంట! మా ఇల్లంతా ఆమెకు కనపడ్తాదంట!" అని ఇంటింటికీ తిరిగి చాటొచ్చాను.

పెద్దవాళ్లు ఇల్లు చూస్తారంటే మా వీధికి తెలిసిన పద్ధతి ఒక్కటే. పెళ్లివారైనా, బ్యాంకువాళ్లైనా అంతే... ఆ ఇంట్లో లేనిది పక్కింటి నుంచి రావాలి. అట్లా సోఫా వచ్చింది. నూర్జహానత్త రంజానుకు మాత్రమే పెట్టె లోంచి తీసే ఆకుపచ్చ పరదా వచ్చింది. చర్చి వెనకాల ఉండే రూతమ్మ పిన్ని గోడ గడియారం వచ్చింది.

స్నానం చేసి వచ్చిన అక్క గడప దగ్గరే ఆగిపోయింది.

"ఏందిమా ఇదంతా? మనకు లేదని కదా రాసిచ్చినాం! ఇది చూస్తే అబద్ధమాడినామనుకోరా?"

"లేకుంటే లేనట్లే కనపడాల్నా మే? ఊరోళ్లు నవ్వరా?" అంది అమ్మ.

తీసేయడానికి టైము లేదు. మేడం ఇచ్చిన లాప్‌టాప్ మోగనే మోగింది. మా పడసాల ఎంతని... ఎటు తిప్పినా సోఫానే కనబడేది.

తెరమీద తెల్లజుట్టు పెద్దామె. నవ్వుతూ ఏదో అంది. మీ ఇల్లు ఎంత బాగుందో అందట... అక్క ముఖం పాలిపోయింది. వాకిట్లో నాయన గుడ్లప్పగించి చూస్తున్నాడు.

అక్క లేచింది. లాప్‌టాప్‌ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని సోఫా చూపించింది, పరదా చూపించింది, గడియారం చూపించింది. అంతా ఇంగ్లీషు. మధ్యమధ్యలో శెట్టెమ్మవ్వ, నూర్జహానత్త, రూతమ్మ పిన్ని... ఈ పేర్లే నాకు తెలిశాయి. కిటికీలోంచి తొంగి చూస్తున్న శెట్టెమ్మవ్వను కూడా చూపిస్తే, ఆమె కొంగు సర్దుకుని అమెరికాకు దండం పెట్టింది! మన సామాన్లు గొప్పగా చూపిస్తోంది కదా అని అమ్మ మురిసిపోయింది.

అక్క ఆరోజు ఏం చెప్పిందో పెద్దయ్యాక నాకు చెప్పింది. "ఇందులో ఏదీ మాది కాదండీ. మీరు చూస్తారని మా వీధివాళ్లు తెచ్చిపెట్టారు. మాది ఆ మూలనున్న చాప ఒక్కటే." పెద్దామె కళ్లద్దాలు తీసి పక్కన పెట్టిందట. "అయితే ఆ ఇళ్లవాళ్ల గురించి చెప్పు" అందట. ఎండ గడప దాటి లోపలికొచ్చేదాకా అక్క చెబుతూనే ఉంది...

ఎండలు ముదిరినాక జవాబొచ్చింది. సీటిచ్చారు. ఖర్చంతా వాళ్లదేనన్నారు. నాయన రెండుసార్లు చదివించుకుని విన్నాడు. పోయి లారీలో కూర్చుని చాలాసేపు దిగలేదు. నేను మిద్దెక్కి పుస్తకం తీశాను... అక్క కిటికీలో దీపం వెలుగుతోంది.

"ఆ సోఫా లేకుంటే సీటు యాడొచ్చేది?" అంటుంది అమ్మ ఇప్పటికీ. "అవునుమా, సోఫాతోనే వచ్చింది" అంటుంది అక్క ఫోన్లో. ఆ మాట వెక్కిరింతకు అనదు.

ఇప్పుడు మాకు మా సోఫానే ఉంది. మా వీధిలో అందరికీ ఉంది. ఎవరి కుర్చీ ఎవరికీ అక్కర్లేదు... మొన్న నాకూ ఇట్లాంటి ఆన్‌లైన్ ఇంటర్వ్యూనే. వెనకున్న ఇల్లంతా మసక చేసే బటనొకటి ఉందిప్పుడు. నొక్కబోయి ఆగాను. నా వెనక సోఫా చేతి మీద లేసు గుడ్డ ఉంది. ఆనాడు మా ఇంట్లో ఉండిపోయింది, శెట్టెమ్మవ్వ పోయేదాకా తిరిగి అడగనే లేదు. అది కనబడాలి కదా...

మీ ఇంటికి పెద్దవాళ్లెవరో వస్తున్నారని ఏ ఇంటి నుంచి ఏం వచ్చింది? చెప్పండి, వింటాను...