రాజు మీద కప్పిన కొత్త బట్ట

నా చిన్నప్పుడు నన్ను ఒకచోట కూర్చోబెట్టడం మా ఇంట్లో ఎవరి వల్లా అయ్యేది కాదు. కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. మగ్గాల సందుల్లో దూరి, ఆరేసిన నూలు కింద నుంచి పాకి, కొత్తవాడలో ఏ ఇంట్లో ఏ కూర ఉడుకుతోందో వచ్చి మా అమ్మకు చెప్పేదాన్ని. అలాంటి నన్ను కూడా ఏడాదికోసారి భాగోతం కూర్చోబెట్టేది. కూర్చోబెట్టేది అంటే పూర్తిగా నిజం కాదు, లోపల గిజగిజలాడుతూనే ఉండేదాన్ని. ఇప్పుడు డెబ్బై దాటినా నాటకమో పాటల కచేరీయో చూడ్డానికి వెళితే ఆ గిజగిజ మళ్ళీ మొదలవుతుంది. పక్కన కూర్చున్న నా మనవరాలు ఊగుతున్న నా మోకాలిని చేత్తో అదిమి పట్టుకుంటుంది.

మా వాడలో భాగోతం పగటిపూటే ఆడేవారు. మధ్యాహ్నం ఎండ తగ్గాక మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళకు హారతి ఇచ్చి ముగించాలి. అది కట్టుబాటు. మూడు రోజులూ ఒకే కథ. ఒక రాజు ఉంటాడు, యుద్ధాల మీద యుద్ధాలు చేస్తాడు, చివరి యుద్ధంలో పడిపోతాడు. చనిపోయే ముందు ఒక పెద్ద పాట పాడి కన్ను మూస్తాడు. ఆ తర్వాత రాణి వచ్చి అతని తల దగ్గర కూర్చుని ఏడుస్తూ పాడాలి. అక్కడికి కథ అయిపోతుంది.

రాజు వేషం కట్టే ఆయన ధర్మసాగర్ వైపు నుంచి వచ్చేవాడు. ఆయన పేరు చెబితే చాలు, వాడ వాడంతా మగ్గాలు ఆపేసి, తాము నేసిన జంపఖానాలే పరుచుకుని ముందు వరుసకు ఎగబడేది. గొంతు అంత గొప్పది, అందులో అబద్ధం లేదు. రాగం ఎత్తుకున్నాడంటే హార్మోనియం ఆయన వెంట పరుగెత్తలేక రొప్పేది. ఆయన చావు పాట అయిపోగానే జనం లేచి 'వన్స్ మోర్' అని అరిచేవారు. ఇంగ్లీషు ముక్క ఇంకొకటి రానివాళ్ళకు కూడా ఆ మాట వచ్చు. అప్పుడు చచ్చిపోయిన రాజు మోచేతి మీద లేచి, కిరీటం సర్దుకుని, అదే పాట మొదటి నుంచి ఎత్తుకునేవాడు. మళ్ళీ చచ్చేవాడు. మళ్ళీ అరుపు. ఆయన ఎన్నిసార్లు లేస్తే ఆ ఏడు ఆట అంత బాగా ఆడినట్టు లెక్క.

ఇది నచ్చని మనిషి వాడ మొత్తంలో ఒక్కతే, మా నాయనమ్మ. నచ్చకపోతే నచ్చలేదని ఊరుకోవచ్చు కదా, ఊరుకునేది కాదు. నల్లా దగ్గర, మగ్గం దగ్గర, కూరగాయల బండి దగ్గర, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేది. "పాట మంచిగనే పాడుతాండు, గని సచ్చినోడు సచ్చినట్టు పండాలె గదా. లేసి లేసి పాడితె గది సావెట్లయితది?" అనేది. ఆడవాళ్ళు బిందెలు దించి నవ్వేవారు. "గాయన గొంతుల సరస్వతి ఉన్నది పెద్దమ్మా, నీ చెవులల్ల దూది ఉన్నట్టున్నది" అని ఒకామె అంటే నాకు తల కొట్టేసినట్టయ్యేది. బడిలో నా స్నేహితురాళ్ళందరికీ ఆ రాజంటే ప్రాణం. వాళ్ళ ముందు మా నాయనమ్మ నోరు తెరుస్తుందేమోనని నేను కొంగు పట్టి లాగేదాన్ని.

నేను చెబుతున్న ఏడాది రాణి వేషం మారింది. ఎప్పుడూ ఆ వేషం కట్టే మగాయనకు గొంతు పోయింది. ఇంకెవరూ దొరక్క, ఆట నేర్పే గురువుగారు మా పక్కింటి అక్కను అడిగారు. అక్క రోజంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ పాడుకునేది. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే మట్టిగోడ. ఆ పాట ఆ గోడలోంచి మా ఇంట్లోకి వచ్చి, మా గిన్నెల మధ్య తిరిగేది. 'లెవ్వకు నా రాజా, లేస్తె మల్ల యుద్ధమే. పండు నా రాజా, ఇన్నాళ్ళకు దొరికిన నిద్ర.' వినీ వినీ అది నాకు కూడా నోటికి వచ్చేసింది. నాయనమ్మ ఆ పాట వినిపించినప్పుడు చేతిలో పని ఆపేది. అక్కకు ఏటూరునాగారం సంబంధం ఖాయమైంది. ఆడపిల్ల వేషం కట్టడం అత్తవారికి ఇష్టం లేదు. పెళ్ళి లోపల ఈ మూడు రోజులే అని అక్క వాళ్ళ నాన్న అందరి ముందూ చెప్పాడు. అంటే ఆ పాటను వాడ వినడానికి ఈ మూడు పగళ్ళే ఉన్నాయి.

మొదటి రోజు రాజు లేచి లేచి పాడాడు. ఆయన ఆఖరిసారి కన్ను మూసేసరికి మసకచీకటి పడింది. ఇక రాణి పాటకు పొద్దు లేదు, గురువుగారు హారతి పళ్ళెం ఎత్తేశారు. జనం జంపఖానాలు దులుపుకుని వెళ్ళిపోయారు. అక్క జరీ చీర కట్టుకుని, ముఖానికి రంగు పూసుకుని, ఆట స్థలం పక్కన నిలబడింది నిలబడినట్టే ఉండిపోయింది. రెండో రోజూ అంతే. రాజు ఇంకొకసారి ఎక్కువే లేచాడు. వాడంతా పొంగిపోయింది.

ఆ సాయంత్రం గోడ అవతల నుంచి పాట రాలేదు, రాట్నం చప్పుడూ రాలేదు. నాయనమ్మ అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది, తినలేదు. లేచి పెరట్లోకి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. నా గిజగిజ ఎవరి నుంచి వచ్చిందో నాకు ఆ రోజే తెలిసింది. చివరికి "పిల్ల నోరు తెరవకుంటనే అత్తగారింటికి పోతాందే" అని మా అమ్మతో అని, తన పెట్టె తెరిచి దాని ముందు చాలాసేపు కూర్చుంది. ఆ పెట్టెలో ఒక తెల్లబట్ట ఉండేది. మా తాతయ్య పోకముందు స్వయంగా నేసి ఇచ్చిన బట్ట అది. తాను పోయిన రోజున తన మీద కప్పమని నాయనమ్మ దాచుకున్నది. మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు.

మూడో రోజు ఆమె చంకలో ఒక చిన్న మూట పెట్టుకుని వచ్చింది. అటుకులేమో అనుకున్నాను నేను. రాజు పాడాడు, పడ్డాడు. అరుపు లేచింది. రాజు లేచి పాడాడు, మళ్ళీ పడ్డాడు. మళ్ళీ అరుపు. పడమటి ఎండ గోడల మీదికి ఎక్కేసింది. రాజు మోచేతి మీద లేచి కిరీటానికి చెయ్యి పెట్టాడు. అప్పుడు మా నాయనమ్మ లేచింది. నేను కొంగు పట్టుకున్నాను, విదిలించుకుంది. ఆడవాళ్ళను దాటుకుని, మద్దెలాయన ముందు నుంచి నడిచి, ఆట స్థలం మధ్యకు పోయింది. అంతమందిలో నాకు ప్రాణం పోయినంత పనైంది.

ఆమె రాజు రొమ్ము మీద అరచెయ్యి పెట్టి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు మెల్లగా వెనక్కు వంచింది. "పండు బిడ్డా, ఇగ చాలు" అంది. మూట విప్పింది. తెల్లబట్ట దులిపి పాదాల నుంచి కప్పుకుంటూ వచ్చి, ముఖం మీద కూడా కప్పింది.

మా దగ్గర మనిషి ముఖం మీద కొత్త తెల్లబట్ట పడిందంటే అది ఇక ఆట కాదు. అరుస్తున్న నోళ్ళు అరుస్తున్నట్టే ఆగిపోయాయి. ఆ బట్ట కప్పినాక లెమ్మనడానికి ఎవరికి నోరు వస్తుంది? వెనక ఎక్కడో ఒక ముసలామె ఏ పోయినవాళ్ళు గుర్తుకు వచ్చారో గాని బావురుమంది. రాజు ఆ బట్ట విసిరి పారేసి లేచి ఉండవచ్చు. అంత పేరున్న మనిషి, లేస్తే వాడంతా ఆయన వైపే. ఆయన లేవలేదు. నోటి దగ్గర బట్ట శ్వాసకు కాసేపు కదిలింది, తర్వాత ఆ కదలడమూ తగ్గింది.

అక్క వచ్చి తల దగ్గర కూర్చుంది. హార్మోనియం ఆయనకు ఏం చెయ్యాలో తోచలేదు, అక్క అతని కోసం ఆగలేదు. ఉత్త గొంతుతోనే ఎత్తుకుంది. గోడలోంచి విన్న పాటే అది, కానీ నేను విన్నది సగమే అని అప్పుడు అర్థమైంది. 'లెవ్వకు నా రాజా' అన్న చోట ఆమె చెయ్యి ఆ బట్టను సర్దింది. నేను ఏడ్చాను. పాట ముగిసినా ఎవరూ చప్పట్లు కొట్టలేదు, హారతి సంగతి గురువుగారికే గుర్తు లేదు. నా కాళ్ళు అంతసేపు కదలకుండా ఉన్నాయని తర్వాత మా అమ్మ చెప్పింది.

ఆ రోజు నుంచి మా నాయనమ్మను వాడ మెచ్చుకుందని మీరు అనుకుంటే పొరపాటు. ఒళ్ళు తెలిసిన తర్వాత అందరికీ కోపం వచ్చింది. బతికున్న మనిషికి పీనుగు బట్ట కప్పుతుందా అన్నారు. నల్లా దగ్గర ఆమె బిందె పెడితే పక్క బిందెలు జరిగేవి. రాజు మాత్రం ఆ రాత్రే రంగు కడుక్కుని, ఆ బట్ట మడిచి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "పెద్దమ్మా, నన్ను సంపినవ్ గదనే" అన్నాడు. "సచ్చి సక్కగ పండినవ్ బిడ్డా. గిప్పుడు మెచ్చుకుంట" అంది ఆమె. ఆయన నవ్వాడు, తర్వాత నవ్వు ఆపి, గడప వైపు చూస్తూ, "గా పిల్ల పాట నేనెన్నడు ఇనలే" అన్నాడు. పీనుగుకు కప్పిన బట్ట తిరిగి ఇంట్లోకి రాకూడదు గనుక దాన్ని తన వెంటే తీసుకుపోయాడు.

నెల తిరక్కుండా ఆయనకు జ్వరమని, దవాఖానలో పడ్డాడని వార్త వచ్చింది. వాడంతా మా గుమ్మం వైపే చూసింది. నాయనమ్మ బింకంగా తిరిగేది గాని, మగ్గం గుంట చుట్టూ తిరుగుతూ నిద్రపోని మనిషిని నేను చూశాను. ధర్మసాగర్ బస్సు వచ్చినప్పుడల్లా దిగినవాళ్ళను పట్టుకుని అడిగేది. ఆయన లేచి తిరుగుతున్నాడని, పక్క ఊళ్ళో ఆట కూడా కట్టాడని చివరికి ఒకరు చెప్పారు. అక్కడ ఎన్నిసార్లు లేచాడట అని అడిగింది. జనం అడిగినన్నిసార్లు లేచాడట. "ఫికర్ లేదు, లెవ్వనీ" అని నేల మీద కూలబడి నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నలుగురికీ నచ్చని మాట పట్టుకున్నవాళ్ళకు భయం ఉండదని నేను అనుకునేదాన్ని. ఉంటుంది, మిగతావాళ్ళకంటే ఎక్కువ ఉంటుంది.

నలుగురికీ నచ్చని మాట అనే ఆ జబ్బు నాకూ అంటింది. మొన్న హనుమకొండలో మనవరాలు తీసుకువెళ్ళిన సంగీత నాటకంలో ముందే రికార్డు చేసిన పాటకు పెదవులు ఆడించిన హీరోకు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేను లేవలేదు. "నీకు ఏదీ నచ్చదా నానమ్మా?" అంది పిల్ల. నచ్చింది, వేదిక మీద వెనక వరుసలో ఒకమ్మాయి నిజంగానే పాడుతోంది, ఆమె మెడ నరం చూడు అన్నాను. నా ముందు కూర్చున్నాయన తిరిగి గుర్రుగా చూశాడు.

నాయనమ్మ పోయినప్పుడు ఆమె పెట్టెలో తెల్లబట్ట లేదు. మళ్ళీ కొనుక్కోలేదు ఆమె. ఏటూరునాగారం నుంచి మా పక్కింటి అక్క మొదటి బస్సుకే వచ్చింది, చంకలో చిన్న మూటతో. మూటలోని కొత్త తెల్లబట్టను పాదాల నుంచి కప్పుకుంటూ వచ్చి, ముఖం దగ్గర ఆగి, తల పక్కన కూర్చుంది. పెళ్ళయ్యాక ఎప్పుడూ నలుగురిలో పాడని మనిషి, నిండు ఇంట్లో గొంతెత్తింది. 'లెవ్వకు నాయవ్వా' అని మార్చుకుంది, 'ఇన్నాళ్ళకు దొరికిన నిద్ర' అని మాత్రం అలాగే ఉంచింది. పాట అయిపోయింది, అక్క ముఖం మీద బట్ట కప్పేసింది. నాయనమ్మకు గిట్టని ఆ రెండు ఇంగ్లీషు మాటలు నా గొంతు దాకా వచ్చాయి. పాట కోసం కాదు. ఆమె ఒక్కసారి మోచేతి మీద లేస్తుందేమోనని. మింగేశాను. అవి ఇంకా అక్కడే ఉన్నాయి.