ఫోను మీద సమ్మె కట్టే నితాయ్ దా

నితాయ్ దా రోజుకో సమ్మె చేస్తాడు. ఒక్కడే. ఫోను మీద.

కలకత్తా పక్కన మా బారానగర్‌లో మూతపడిన జనపనార మిల్లులో ఆయన యూనియన్ నాయకుడు. మిల్లు పోయింది, యూనియన్ పోయింది, జుట్టూ పోయింది. గొంతు మాత్రం మిగిలింది. ఇప్పుడు మాకందరికీ ‘దా’, అంటే అన్న; మాతోపాటు యాప్ ఆర్డర్ల మీద ఇంటింటికీ బిర్యానీ పొట్లాలు మోస్తాడు. హోటలు ఎదుట టీకొట్టు బల్ల మీద ఆర్డర్ల కోసం కాచుకుని ఉంటామా, ఉన్నట్టుండి లేచి, యాప్ ఆఫ్ చేసి, పిడికిలి బిగిస్తాడు.

“చొల్బే నా! సాగదు, సాగదు!”

“ఇవాళ దేనికి దాదా?”

“నన్ను భాగస్వామి అంటోందిరా ఈ ఫోను. మరి నా భాగమేదీ?”

నిన్నటి సమ్మె బిర్యానీలో బంగాళదుంప చిన్నదైపోయినందుకు. మొన్నటిది ఫోనుకు సలాము కొడితే మేనేజిమెంటు బదులివ్వనందుకు.

నేను చదివిన పుస్తకాల్లో కార్మికులు వేలల్లో కదిలేవారు. మా ఉద్యమంలో ఒక ముసలాడు, ఒక ఫోను. యజమాని మొహం ఎవరమూ చూసింది లేదు. “ఎవడి మీద అరుస్తున్నావు దాదా?” అని విసుక్కునేవాణ్ని. “వాడికి చెవులుంటే మొహమెందుకురా!” అనేవాడు.

మా దగ్గర ఆర్డరు పడిందంటే, యాప్‌లో కస్టమర్లిచ్చిన నక్షత్రాలు ఎక్కువున్నవాళ్ళకే ముందు. ఆయనకు అందరికంటే ఎక్కువ. పొట్లంతోపాటు ముసలమ్మలకు మందులు కూడా పట్టుకెళ్ళేవాడు మరి. ఆయన తరువాత నేను. అట్టడుగున ఝుమా. కాలు విరిగి మంచాన పడి, ఈమధ్యే తిరిగొచ్చింది. ఆదివారం రాత్రిలోగా వారం కోటా పూర్తి కాకపోతే ఐడీ తీసేస్తామని ఆమెకు మెసేజీ వచ్చింది. ఐడీ పోతే పని పోయినట్టే.

ఆదివారం సాయంత్రం జోరువాన. ఆమెకు ఇంకొక్క ఆర్డరు కావాలి. బల్ల మీద మేం ముగ్గురమే.

“చొల్బే నా!” నితాయ్ దా లేచాడు.

“ఇప్పుడా? ఆర్డర్లు వచ్చిపడే వేళ!”

“నువ్వూ ఆఫ్ చెయ్.”

“డిమాండేమిటి?”

“అది రేపు ఆలోచిద్దాం. ముందు ఆఫ్ చెయ్‌రా వెధవా!”

ఆయన చూపు ఝుమా వైపు వెళ్ళొచ్చింది. అప్పుడు వెలిగింది నాకు. ఆ వారం సమ్మెలన్నీ ఆమె బల్ల మీద ఉన్నప్పుడే మొదలయ్యాయి. అంతకుముందు నేను జ్వరం నుంచి లేచొచ్చి కోటాలో వెనకబడిన వారమైతే, ఆయన పూటకో సమ్మె చేశాడు! నా అదృష్టం తిరిగిందనుకున్నాను నేను.

ఆఫ్ చేశాను. కాసేపటికి ఝుమా ఫోను మోగింది.

“ఈ వానలో ఇద్దరికిద్దరూ సమ్మెలా? సిగ్గులేకపోతే సరి! తడవడానికి నేనొక్కదాన్నే దొరికానా?” అని తిట్టుకుంటూ స్కూటీ తీసింది.

నితాయ్ దా తన వానకోటు విప్పి ఆమెకు తొడిగాడు. మెడ దగ్గర బొత్తాం కూడా పెట్టాడు. ఆపైన రెండడుగులు వెనక్కి వేసి, నిలువునా తడుస్తూ పిడికిలెత్తాడు.

“సమ్మె ద్రోహీ! డౌన్ డౌన్!”

నేనూ గొంతు కలిపాను.