మూడుంబావుకే కుంకిన పొద్దు

హెల్సింకిలో డిసెంబరు నెలలో మధ్యాహ్నం మూడుంబావుకే పొద్దు కుంకుతుందన్న సంగతి నాకు ఒమాన్‌లోని సీబ్ సముద్రపొడ్డున నిలబడి ఉండగా తెలిసింది. అప్పటికే నేను ఆ ఊరి గురించి నాలుగు పేజీలు రాసి పంపేశాను.

రాయడమే నా పని. డిగ్రీ చదివి, పెళ్లయి, ఒమాన్ వచ్చి, బాబు పుట్టాక ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని అదొక్కటే దొరికింది. మా వీధి చివర ఒక చిన్న ట్రావెల్ ఆఫీసు ఉంది. నడిపేది కడప నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న ఒక పెద్దాయన. నేను ఆయన్ని భాయ్ అంటాను, ఆయన నన్ను అమ్మా అంటారు. సెలవుల్లో ఏదైనా దేశం చూసి రావాలనుకునే తెలుగువాళ్లకు టికెట్లు, వీసాలు ఆయన చూస్తారు. ఏ ఊళ్లో ఏం చూడాలి, ఏ గంటకు ఎక్కడికి వెళ్లాలి అన్నది తెలుగులో రాసి వాళ్ల ఫోనుకు పంపడం నా వంతు. ఆ ఊళ్లలో ఒక్కటీ నేను చూడలేదు. బాబు నిద్రపోయాక చదువుతాను, ఫొటోలు చూస్తాను, రాస్తాను.

నేను భయస్థురాలిని. ఆ భయం ఈ పనికి పనికొస్తుందనే అనుకునేదాన్ని. పసిపిల్లలున్న వాళ్లయితే డైపర్ మార్చే గది ఎక్కడుందో, పాలు ఎక్కడ వెచ్చబెడతారో, దగ్గర్లో మందుల షాపు ఏదో అన్నీ రాస్తాను. చివర్లో, ఏ అవసరం ఉన్నా ఫోన్ చేయండని నా నంబరు కూడా పెడతాను.

హెల్సింకి వెళ్లింది జగిత్యాల దగ్గరి ఒక జంట. అతను ఇక్కడే అల్ అమెరాత్‌లో సైట్ సూపర్‌వైజర్. ఆమె నాకన్నా రెండేళ్లు చిన్న. ఏడాది నిండిన పాప. పెళ్లయిన దగ్గర్నుంచి మంచు చూడాలన్నది ఆమె కోరిక. ప్రయాణానికి ముందు ఆఫీసుకు వచ్చినప్పుడు మా ఇద్దరి పిల్లలూ ఒకరి ముఖం ఒకరు గోకబోయారు, మేం విడదీసి నవ్వుకున్నాం. అప్పట్నుంచి నన్ను అక్కా అంటుంది.

వాళ్లకు నేను రాసిన మొదటి రోజు ఇలా ఉంది. పొద్దున హోటల్లో విశ్రాంతి. పదకొండింటికి కొండరాయిని తొలిచి కట్టిన చర్చి. భోజనం అయ్యాక అందరికీ తెరిచి ఉండే పెద్ద లైబ్రరీ, పిల్లల ఆటల గది. మూడున్నరకు రేవు నుంచి పడవెక్కి సువొమెన్‌లిన్నా, అంటే ఊరికి ఎదురుగా దీవుల మీద కట్టిన పాత కోట. అక్కడి ప్రాకారాలు చూసుకుంటూ నాలుగున్నరకు దీవి ఆ చివరనున్న రాజద్వారం. ఐదింటికి ఆ మెట్ల మీద కూర్చుని సముద్రంలో సూర్యాస్తమయం.

ఆ చివరి వాక్యం రాసినప్పుడు నాకు చాలా బాగుందనిపించింది. వేసవిలో తీసిన ఫొటో ఒకటి చూసి రాశాను.

ఆ రోజు సాయంత్రం ఆరున్నర దాటింది. మావారికి డ్యూటీ పొడిగించారు. బాబును బండిలో కూర్చోబెట్టుకుని సముద్రం దగ్గరకు వెళ్లాను. దీపాల కింద పిల్లలు బంతి ఆడుతున్నారు, చొక్కాల్లో, కొందరు అవి కూడా లేకుండా. నా కొడుకు ఒక్కడే స్వెట్టరు, టోపీ, సాక్సులతో ఉన్నాడు. ఫోన్ మోగింది.

"అక్కా, నువ్వు రాసిన గేటు కాడ ఉన్నం. ఇక్కడ ఒక్క మనిషి లేడు. మొత్తం చీకటైంది."

అక్కడ టైము ఎంత అని అడిగాను. నాలుగున్నర దాటిందంది. నాలుగున్నరకు చీకటేమిటి, మబ్బు పట్టిందా అన్నాను. తామూ పొద్దుటి నుంచి మబ్బే అనుకున్నామని, పడవ దిగేటప్పటికే ఊళ్లో లైట్లు వేశారని చెప్పింది. దారిలో భర్త మంచు మీద జారి పడ్డాడట. మోకాలు వంగడం లేదట. పాప బండి చక్రాలు మంచులో దిగబడిపోతున్నాయట. ఏ దారిన వచ్చారో తెలియడం లేదు. భర్త ఫోను అప్పటికే ఆగిపోయిందట, తన ఫోనులో చార్జింగు చలికి ఉన్నట్టుండి పడిపోయి ఆరు శాతానికి వచ్చింది.

"పాప ఎలా ఉంది?" అన్నాను.

"ఇంతసేపు ఏడ్సిందక్కా. ఇప్పుడు ఏడుస్తలేదు."

 ఇసుక మీదే కూర్చున్నాను.

అక్కడి అత్యవసర నంబరు నేను రాసే పంపాను, దానికి ఫోన్ చేయమన్నాను. వెనక నుంచి అతని గొంతు వినపడింది. "పోలీసోళ్లు వద్దు. పాస్‌పోర్టు అడుగుతరు, కంపెనీకి తెలుస్తది." పరాయి దేశంలో కాగితాల మీద బతికేవాళ్లకు ఆ భయం చలికన్నా ముందు వస్తుంది. వాదించడానికి ఆరు శాతం చాలదు. పాపను బండిలోంచి తీసి నీ కోటు లోపల ఒంటికి ఆనించుకో, బండి అక్కడే వదిలెయ్ అన్నాను. ఆమె తీసింది. కోటు జిప్పు చప్పుడు నాకు వినపడింది.

అప్పుడు నేను రాసిన మూడో పేజీ గుర్తొచ్చింది. పడవ రేవు దగ్గర ఒక చర్చి ఉంది, దాని గుమ్మటంలోనే దీపస్తంభం. రాత్రిళ్లు ఓడలకు దారి చూపిస్తుంది, పిల్లలకు చూపించండి అని రాశాను. ఏదో ముచ్చటగా ఉందని రాసిన మాట అది.

"సముద్రానికి వీపు పెట్టి కొంచెం పైకి ఎక్కు. వెలుగుతూ ఆరుతూ ఒక లైటు కనపడుతుందేమో చూడు."

మంచులో ఆమె పైకి ఎక్కుతున్న అడుగుల చప్పుడు వినపడింది.

"కనవడుతుంది."

"రేవు అటే. దాన్నే చూస్తూ నడవండి. మధ్యలో వంతెన వస్తుంది."

సరే అనబోయిందో ఏమో, మాట సగంలో తెగింది. మళ్లీ చేస్తే ఫోను ఆగిపోయిందని వచ్చింది.

అప్పుడు వెతికాను, హెల్సింకి సూర్యాస్తమయం అని. మూడూ పద్నాలుగు. నమ్మలేక రెండుసార్లు చూశాను. మ్యూజియం తలుపులు ఎప్పుడు మూస్తారో, పడవలు ఎన్ని నిమిషాలకు ఒకటో, అన్నీ చూసిన నేను ఇది చూడలేదు. మరిచిపోవడం కాదు, అడగాలనే తట్టలేదు. ఇక్కడ ఏ ఇంటివాళ్లయినా బయటికి కదిలేది సాయంత్రపు అసర్ నమాజు అయ్యాకే. అంతదాకా ఎండ. పార్కు, సముద్రం, చుట్టాలిల్లు, అన్నీ నాలుగు దాటాకే. అయిదేళ్లలో ఆ అలవాటు నా చేతికి పట్టేసింది. పొద్దున విశ్రాంతి అని నా చెయ్యి దానంతటదే రాసింది. ఉన్న కాస్త వెలుతురూ వాళ్ల చేత హోటల్లో, గదుల్లో గడిపించి, చీకటి పడ్డాక చంటిపిల్లతో సముద్రం మధ్యకు పంపింది నేనే.

భాయ్‌కి ఫోన్ చేశాను.  ఆయన కారులో సముద్రపొడ్డుకు వచ్చేలోపే హోటల్ నంబరు పట్టుకుని ఫోన్ చేశారు. హోటల్ వాళ్లు కోట దగ్గరికి కబురు చేస్తామన్నారు. తప్పు నాదేనని చెప్తే ఆయన వినలేదు.

"నేనూ చదివినా గదమ్మా. ముప్పై ఏండ్లు ఈడ టికెట్లు కోస్తాండా. పొద్దు ఎప్పుడు మునుగుతాదని నన్ను ఎవురూ అడగల్యా, నేను ఎవురికీ చెప్పల్యా."

తర్వాత నలభై నిమిషాలు ఏ కబురూ లేదు. బాబు మెడ తడిమితే చెమట. స్వెట్టరు విప్పబోయి ఆగాను. విప్పడానికి భయం, ఉంచడానికీ భయం. చివరికి విప్పాను.

ఎప్పుడూ చూడని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆమే. "పాప పాలు తాగుతుందక్కా" అంది ముందు. మిగతాదంతా తర్వాత చెప్పింది.

లైటు చూసుకుంటూ, భర్త ఆమె భుజం పట్టుకుని కుంటుతూ, వంతెన దాటారు. ఒక పాత ఇల్లు కనపడింది. కిటికీలో దీపం, గోడ పక్కన మంచులో పిల్లల బండి. బండి లోపల బిడ్డ ఉంది. ముఖం ఒక్కటే బయటికి. చుట్టూ ఎవరూ లేరు. ఎవరో పసిబిడ్డను చలిలో వదిలేసి పోయారనుకుంది. తన కష్టం అక్కడితో మరిచిపోయింది. ఆ బిడ్డను ఎత్తుకుని, తన పిల్ల కోటు లోపల, పరాయి పిల్ల చేతిలో, తలుపు కాలితో తన్నింది.

తలుపు తీసినామెకు ఏమీ అర్థం కాలేదు. ఈమెకు అంతకన్నా అర్థం కాలేదు. ఎందుకంటే ఆ బిడ్డను అక్కడ పెట్టింది తలుపు తీసిన ఆ తల్లే. రోజూ అక్కడే నిద్రపుచ్చుతుందట. చల్లగాలిలో బాగా నిద్రపడుతుందట. ఆ దేశంలో అందరూ అంతేనట.

 ఒకే సాయంత్రం, ఒకే దీవి. ఒక బిడ్డ చలిలో ఏమైపోతుందోనని ఇక్కడ నా ప్రాణం పోతుంటే, అదే చలిలో ఇంకో బిడ్డను తల్లే పడుకోబెట్టి, లోపల వంట చేసుకుంటోంది.

"ఆమె కోప్పడిందా?"

"ముందుగాల బిడ్డను గుంజుకుంది. మా పాపను చూసినంక ఏడ్సింది, నవ్వింది. సూప్ పోసింది, నా ఫోన్ చార్జింగ్ పెట్టి తన ఫోన్ ఇచ్చింది. ఆమె మొగుడు ఈయనను పిల్లల స్లెడ్జి బండి మీద కూసోబెట్టి రేవు దాకా గుంజుకపోతనంటుండు. ఈయనకు సిగ్గయితుంది."

భాయ్ ఆకాశం వైపు చూసి చేతులు ముఖానికి రాసుకున్నారు. ఆమె ఇంకా మాట్లాడుతోంది. తామే ఆలస్యం చేశామని, లైబ్రరీలో పాప కదలనివ్వలేదని, నేను ఫోనెత్తకపోతే ఏమయ్యేదోనని అంటోంది. నాకు దండం పెడుతున్నానంది.

ఆ దండం పుచ్చుకుని ఊరుకోవచ్చు. నా వల్లేనని ఆమెకు ఎప్పటికీ తట్టేది కాదు. నా కొడుకు ఒంటి మీద పల్చటి చొక్కాతో ఇసుక గుప్పిట్లో పట్టి భాయ్ బూట్ల మీద పోస్తున్నాడు.

"మీరు ఆలస్యం చేయలేదు. అక్కడ మూడుంబావుకే పొద్దు కుంకుతుంది. నేను చూసుకోకుండా రాశాను. తప్పు నాది" అన్నాను.

 ఆమె వెనక ఏదో గిన్నె చప్పుడు, పరాయి భాషలో ఎవరో బిడ్డను లాలిస్తున్న గొంతు.

"నాకు కోపమొస్తుందక్కా," అంది చివరికి. "రేపు వస్తదో, ఇంటికి పోయినంక వస్తదో. ఇప్పుడైతే పిల్లకు పాలు పట్టాలె."

పెట్టేసింది. వాళ్ల మిగతా మూడు రోజులనూ ఆ రాత్రే మళ్లీ రాశాను. ప్రతి రోజుకూ మొదటి వరసలో పొద్దు ఎప్పుడు పొడుస్తుందో, ఎప్పుడు కుంకుతుందో రాశాను. పంపిన రెండు నిమిషాల్లో చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు. మర్నాడు మధ్యాహ్నం మాత్రం ఒక ఫొటో వచ్చింది. తెల్లటి పెద్ద చర్చి మెట్ల మీద, మంచి వెలుతురులో, కళ్లు చికిలించి పాప.