మందు తాగిందా అని అడిగినందుకు

భూపాలపల్లి కొత్త జిల్లా అయ్యాక వచ్చిన రెండో ఎండాకాలంలో, మొగుళ్లపల్లి వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మెడికల్ ఆఫీసర్‌గా బదిలీ మీద వెళ్లాను. అప్పటికి నా సర్వీసు ఇరవై రెండేళ్లు. అక్కడ డాక్టర్‌ని నేనొక్కదాన్నే. స్టాఫ్ నర్సు సరోజన నా కుడిచేయి. రోజూ ఓపీ, వారానికోసారి టీకాలు, నెలకోసారి హైస్కూల్లో ఆరోగ్య పాఠం.

ఏప్రిల్‌లో ఒకరోజు పదకొండు గంటలప్పుడు శ్రావణి అనే పద్నాలుగేళ్ల పిల్లను ఆటోలో తెచ్చారు. తొమ్మిదో తరగతి. పిలిస్తే పలకడం లేదు. వెంట నాయనమ్మ లచ్చవ్వ మాత్రమే ఉంది. తల్లిదండ్రులు మిర్చి ఏరడానికి పోయారట.

ఆ ప్రాంతంలో స్పృహలేని మనిషిని తెస్తే మాకు మొదట పురుగుల మందే గుర్తొస్తుంది. మందు తాగిందా అని అడిగాను. లచ్చవ్వ ముఖం మారిపోయింది. తన మనవరాలు అసొంటి పని చేసుకునే పిల్ల కాదని, ఇంట్లో ఎవ్వరూ ఒక్క మాటన్నా అనలేదని ఏడవడం మొదలుపెట్టింది. ఇంటివాళ్లు ఎప్పుడూ అలాగే అంటారు. నేను నమ్మలేదు. సరోజనను అట్రోపిన్ సిద్ధం చేయమన్నాను. పురుగుల మందుకు విరుగుడుగా ఇచ్చే ఇంజెక్షన్ అది. అవసరం లేని పిల్లకు ఇస్తే అదే ప్రమాదం.

కానీ లక్షణాలు కలవలేదు. పురుగుల మందైతే కంటిపాప సూదిమొనంత కావాలి, నోట్లో నురగ రావాలి. రెండూ లేవు. పాము కాటు గుర్తు కోసం వెతికాం, కనబడలేదు. వడదెబ్బ అనుకుందామంటే ఒళ్లు చల్లగా, చెమటతో తడిసి ఉంది. నోటి దగ్గర పులిసిన వాసన వస్తోంది గానీ దారిలో వాంతి చేసుకుందని చెప్పారు కనుక దాన్ని పట్టించుకోలేదు. సరోజన సిరంజి పట్టుకుని నా వైపు చూస్తోంది. నిజం చెప్పాలంటే ఆ రెండు నిమిషాలు నాకేమీ తోచలేదు.

స్పృహలేని ప్రతి రోగికీ ముందుగా రక్తంలో చక్కెర చూడాలి. విషం ధ్యాసలో ఆ నియమం మరిచిపోయాను. షుగర్ చూద్దామా మేడం అని సరోజనే అడిగింది. వేలికి సూది గుచ్చి చూస్తే, డెబ్బై దాటి ఉండాల్సింది నలభై లోపు ఉంది. అట్రోపిన్ పక్కన పెట్టి గ్లూకోజ్ ఎక్కించాం. కాసేపటికి శ్రావణి కళ్లు తెరిచి అవ్వ ఏదని అడిగింది.

పిల్ల గండం గట్టెక్కింది. నా అయోమయం మాత్రం పెరిగింది. షుగర్ జబ్బు లేని పిల్లకు చక్కెర అంతగా ఎందుకు పడిపోయింది? ఆ వాసన అప్పుడు గుర్తొచ్చింది. శ్రావణి పక్కన కూర్చుని అడిగాను, మందు తాగావా అని. ఈసారి నా ఉద్దేశం బీరో, సారానో. లేదంది. అబద్ధం చెప్పే ముఖం కాదు. పైగా చెడు స్నేహాల గురించి, వైన్ షాపుల గురించి వారం కిందట నేను చెప్పిన పాఠాన్ని నోట్సు కూడా రాసుకున్న పిల్ల.

చివరికి నిన్నటి నుంచి ఏమేం తిన్నదో, ఏమేం తాగిందో వరుసగా చెప్పమని లచ్చవ్వనే అడిగాను. రెండు రోజులుగా జ్వరం, అన్నం ముట్టలేదు. నిన్న సాయంత్రం ఒకసారి, పొద్దున లేవగానే మరోసారి తాటికల్లు పోసిందట.

"ఒళ్లు సల్లవడ్తదని నేనే పోసిన. మా అవ్వ మాకు గట్లనే పోసేది. గది మందు లెక్కనే గదా డాక్టరమ్మా" అంది.

శ్రావణి నా వైపు తిరిగింది. "మీరు మందు అన్నరు మేడం. అవ్వ పోసింది కల్లు."

జనగామలో కిరాణా కొట్టు నడిపే ఇంట్లో పుట్టినదాన్ని నేను. మా ఇంట కల్లు ముట్టరు. కడుపు మాడిన పిల్లల ఒంట్లో మద్యం పడితే చక్కెర పడిపోతుందని పుస్తకంలో చదివాను. ఆ మద్యం నాయనమ్మ చేతి గ్లాసులో ఉంటుందని మాత్రం తట్టలేదు.

ఇలాంటి వాటిని మెడికో లీగల్ కేసుగా రిజిస్టర్‌లో రాసి పోలీసులకు కబురు పంపాలి. ఇరవై ఒక్కేళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదన్న చట్టం నాకు తెలుసు. ప్రేమతో పోసిన ముసలామెను ఏ వరుసలో రాయాలో తెలియలేదు. జరిగింది జరిగినట్టు రాశాను. వచ్చిన కానిస్టేబుల్ అది చదివి, నేరం ఎవరి మీద రాయాలని నన్నే అడిగాడు. లచ్చవ్వ వాంగ్మూలం తీసుకుని వెళ్లిపోయాడు. శ్రావణిని పరిశీలన కోసం 108లో పెద్దాసుపత్రికి పంపాను. మూడో రోజు ఇంటికి వచ్చింది.

ఆ తర్వాత లచ్చవ్వ బీపీ గోలీల కోసం నా దగ్గరికి రావడం మానేసింది. కోడలిని పంపేది. పోలీసు పేరు ఎత్తడం తప్పయిందా, ఒప్పయిందా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. మూడు నెలలకు టీకాల రోజున వాళ్ల వాడకు వెళ్తే తానే ఎదురొచ్చింది.

"కల్లు బందువెట్టిన. మరి పిల్లకు జరమొస్తే ఏం పొయ్యాలె, గది చెప్పు" అంది.

నేను అంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి అదే. ఉప్పేసిన గంజి, ఓఆర్ఎస్ నీళ్లు, ఎంతకోసారి ఎంత పట్టాలో చెప్పాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా విన్నారు.

తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు కేస్ షీటులో 'మందు' అని రాయలేదు, రాయనివ్వలేదు. పురుగుల మందా, బీరా, సారా, కల్లా అని పేరు పెట్టి అడిగాం. హైస్కూల్లో చెప్పే పాఠాన్ని టీకాల రోజున అమ్మలూ అవ్వలూ కూర్చునే చోట కూడా చెప్పడం మొదలుపెట్టాను. ఏం తాగావని పిల్లను అడిగితే సగమే తెలుస్తుంది. ఎవరు పోశారు, ఎందుకు పోశారు అన్నది పెద్దవాళ్లను అడగాలి. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను ఒక్కసారీ అడగని ప్రశ్న అది.