గాజులావిడ ఎప్పుడు ఊరుకుంది?

మా ఆటకు బొమ్మలు లేవు, శబ్దం లేదు. కంప్యూటరు తెర మీద అక్షరాలే ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు కథలో తలా ఒక పాత్రను పట్టుకుని, ఆ పాత్ర ఏం చేసిందో, ఏమన్నదో రాసి పెడతారు. నడిపేవారు పాచికలు వేసి, ఆ పని నెరవేరిందో బెడిసికొట్టిందో చెప్పి, కథను మరో అడుగు ముందుకు తీసుకువెళతారు. ఒక రోజు ఒకరు రాస్తే మర్నాడు మరొకరు రాయవచ్చు. ఒకేసారి కూర్చోవలసిన పని లేదు. మొదటి రోజు నుంచీ మాకు ఒకే ఒక కఠిన నియమం ఉండేది: ఎవరి మనిషిని వారే కదిలించాలి. నా పాత్ర నవ్విందని నేను రాయాలి తప్ప మరొకరు రాయకూడదు.

నడిపే ఆయన, నేను ఖాతాలు చూసే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లోనే లెక్కలు చెప్పే యువకుడు. వాళ్ల కుటుంబం గుంటూరు వైపు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడింది. నేను తేదీలు తప్పకుండా డైరీ రాస్తానని స్టాఫ్ రూములో అందరికీ తెలుసు. "మేడం, ఎవరి వంతు ఎప్పుడు వచ్చిందో, ఎవరు ఆలస్యం చేస్తున్నారో చూసే మనిషి కావాలండీ" అని నన్ను ఆటలోకి లాగాడు. సరదా కోసం ఎవరూ నన్ను ఎక్కడికీ పిలవరు, లెక్క కోసం పిలుస్తారు. పోయాను. కథలో ఒక కోట ఉంది, దానికి రెండు ద్వారాలున్నాయి, లోపల ఏదో పోగొట్టుకున్న నిధి ఉంది. నేను తక్కువ మాట్లాడే ఒక కాపలాదారు పాత్ర తీసుకున్నాను.

రెండో ఆటగాడు నేను రోజూ ఎక్కే కోఠి బస్సు కండక్టర్. నల్లగొండ జిల్లా మనిషి, డిగ్రీ చదివినవాడు. నేను ఫోనులో ఆట చదువుకుంటుంటే భుజం మీదుగా చూసి, "ఏందక్కా గది, కథనా?" అని అడిగి, వారం తిరిగేలోపు గుర్రాల దొంగగా మాలో చేరిపోయాడు. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య డిపోలో కూర్చుని రాసేవాడు. మాలో అందరికన్నా వేగం అతనిదే.

మా ఆచారాల్లో నాకు ఇష్టమైనది అతను తెచ్చినదే. ఒకరి జవాబు కోసం ఆగవలసి వస్తే, ఆగినవారు కథలోనే మూడు రాళ్లు పేర్చి చాయ్ పెట్టినట్టు ఒక్క వాక్యం రాయాలి. నేను ఇక్కడే ఉన్నాను, నీకు తొందర లేదు అని దాని అర్థం. లెక్కల ఆయనకు మొదట అది నచ్చలేదు.

"రాజుల కాలం కథండీ ఇది. టీ ఎక్కడి నుంచి వస్తుంది?"

"మీ కోటల గుర్రం మాట్లాడంగ లేంది, నా చాయ్‌కి ఏం రోగం సార్?" అని కండక్టర్ రాశాడు. చాయ్ నిలిచింది.

మూడో ఆటగత్తెను తీసుకువచ్చింది నేను. సరూర్‌నగర్‌లో మేమున్న ఇంటి కింది వాటాలో ఒక రిటైర్డ్ తెలుగు టీచర్ గారు ఉండేవారు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగరీత్యా వచ్చి, ఇక్కడే జీవితమంతా పిల్లలకు పద్యాలు చెప్పినావిడ. ఏడాది ముందు ఆవిడకు పక్షవాతం వచ్చింది. నడక తిరిగి వచ్చింది. కుడిచేయి సగం వచ్చింది. మాట మాత్రం నాలుక చివరి దాకా వచ్చి, అక్కడ నిలబడి, ఒక్కొక్క ముక్కగా దిగేది. పాలవాడు ఆవిడ మాట పూర్తయ్యేదాకా ఆగడు, తానే పూర్తి చేస్తాడు. మందుల షాపువాడూ అంతే. చుట్టాలు వస్తే ఆవిడతో కాక, తోడుగా ఉండే ఆవిడ చెల్లెలితో మాట్లాడి వెళతారు. అందరిదీ మంచి ఉద్దేశమే. ఆ మంచి ఉద్దేశం వల్లనే రోజు గడిచేసరికి ఆవిడ పూర్తిగా చెప్పుకున్న వాక్యం ఒక్కటీ ఉండేది కాదు.

ఈ ఆట గురించి చెప్పగానే ఆవిడ ఎంచుకున్న పాత్ర ఊరూరా తిరిగే గాజులమ్మే మనిషి. మా అందరిలోకీ వాచాలురాలు. ఎడమ చూపుడు వేలితో ఒక్కొక్క అక్షరం నొక్కుతూ ఆవిడ పది వాక్యాలకు ఒక మధ్యాహ్నం ఖర్చు చేసేవారు. చదివేవాళ్లకు ఆ మధ్యాహ్నం కనబడదు కదా. వాళ్లకు కనబడేది గలగలా మాట్లాడే గాజులావిడ ఒక్కతే. సుంకం అడిగినవాడికి వాడి పెళ్లానికి సరిపోయే గాజుల కొలత చెప్పి దాటిపోతుంది. గుర్రాల దొంగను పట్టుకుని "నాయనా, నీ గుర్రం కంటే నీ నోరు ముందు పరిగెడుతుంది, దానికి కళ్లెం వేయించుకో" అంటుంది. కండక్టర్ ఆ వాక్యాన్ని డిపో అంతటా చదివి వినిపించాడట.

ఆవిడ నాకు పెట్టిన షరతు ఒకటే. తన సంగతి వాళ్లకు చెప్పకూడదు. "చెబితే... జాలిగా... చదువుతారు" అన్నారు. నేను చెప్పలేదు.

అప్పుడు సమ్మె వచ్చింది. తెలంగాణ కోసం ఆఫీసులు, బళ్లు, బస్సులు, బొగ్గు గనులు అన్నీ ఆగిన సమ్మె అది. కోచింగ్ సెంటర్ షట్టరు దించేశాం. డిపోల ముందు టెంట్లు వెలిశాయి. బొగ్గు రాక కరెంటు కోతలు పెరిగాయి. నా డైరీలో ఆ వారాలన్నిటా వాతావరణం రాసే చోట కరెంటు ఉన్న వేళలు రాసి ఉన్నాయి. ఇంతకు ముందు మాకు తీరిక ఉండేది కాదు, ఇప్పుడు తీరికే తీరిక, కరెంటు లేదు. ఈ రెంటినీ కలిపి కండక్టర్ ఒక ప్రతిపాదన చేశాడు. గడ్డిఅన్నారంలో అతని బావమరిదికి నెట్ సెంటర్ ఉంది. "రోజుకొక్క ముక్క ఏంది సార్, దవాఖానల మందు గోలీ లెక్క? సాయంత్రం కరెంటున్నప్పుడు అందరం ఒక్కసారే కూసుందాం. దెబ్బకు దెబ్బ రాద్దాం. కథ ఉరకాలె."

లెక్కల ఆయనకు ఉత్సాహం వచ్చింది. ఎప్పటికప్పుడు మాటలు కనబడే ఒక చాట్ గది తెరిచాడు. నేను వద్దనడానికి కారణం చెప్పాలంటే టీచర్ గారి సంగతి చెప్పాలి. కింది వాటాకు వెళ్లి ఆవిడనే అడిగాను. "చూద్దాం" అన్నారు. ఆ ఒక్క మాట చటుక్కున వచ్చింది.

మొదటి సాయంత్రం మేము కోట మొదటి ద్వారం దగ్గర ఉన్నాం. కావలివాడితో బేరమాడి లోపలికి దాటించే పని గాజులావిడది. నేను ఆవిడ పక్కనే, నా ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ "ఏమయ్యా కావలి" వరకు కొట్టేసరికి గుర్రాల దొంగ కావలివాడి తలపాగా లాగేశాడు. "మీ ఆవిడ చేతికి" వరకు వచ్చేసరికి కావలివాడిని తాళ్లతో కట్టేశారు. ఆవిడ వాక్యం పూర్తయి తెర మీదికి వచ్చింది, ద్వారం దాటిపోయాక, నోట్లో గుడ్డ కుక్కిన మనిషికి గాజులు చూపిస్తూ.

"కట్టేసినంక గాజులెందుకు గాజులక్కా, వాడు చేతులు జాపలేడు" అని కండక్టర్ రాసి నవ్వాడు. అందులో విషం లేదు. ఎవరు చూసినా నవ్వే పరిస్థితే అది.

ఆవిడ మళ్లీ మొదలుపెట్టారు. తెర ఖాళీగా ఉండిపోయింది. కథ ఆగిపోయిందని లెక్కల ఆయన కంగారుపడ్డాడు. ఆవిడకు ఇబ్బంది కలగకూడదనే, నాకు ఇప్పటికీ అందులో సందేహం లేదు, తానే ఒక వాక్యం రాశాడు: "గాజులావిడ నవ్వి ఊరుకుంది."

టీచర్ గారు వేలు తీసేశారు. కరెంటు పోయే దాకా ఆగకుండా తానే కంప్యూటరు ఆపేశారు.

మర్నాడు నేను కిందికి వెళితే ఆవిడ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఆయన మంచికే రాసిండు టీచర్ గారూ" అన్నాను.

"పాలవాడూ... మంచికే," అన్నారు. చాలాసేపటికి మళ్లీ అన్నారు: "ఊరుకుంది... అని... రాశాడు. అమ్మాయ్, నేను... ఎప్పుడు... ఊరుకున్నానే?"

అది కోపం కాదు. నిజంగా అడిగిన ప్రశ్నలా ఉంది. ఈ లోకంలో మాట తనది కాకుండా పోయాక, మాట తనదైన ఒకే ఒక్క చోటు అది. అక్కడ కూడా మరొకరు వచ్చి ఆవిడ నోరు మూశారు, మర్యాదగానే.

ఆ తరువాత ఆవిడ రాలేదు. ఆట మాత్రం సాగింది. రెండో ద్వారం దగ్గర, తాళంచెవి లేక, పాచికలు కలిసిరాక, మేము చిక్కుబడిపోయాం. ఒక రోజు నేను కూరగాయలకు వెళుతూ డిపో ముందు టెంటు దగ్గర ఆగాను. మెడలో గులాబి కండువాతో కండక్టర్ లేచి వచ్చాడు.

"అక్కా, గాజులామె సప్పుడు జేస్తలేదేంది? అలిగిందా? నేను ప్రతి ముక్క కింద జై తెలంగాణ అని రాస్తున్నందుకేనా? ఆమె మాట చూస్తే ఆంధ్రామె లెక్కనే ఉంది."

"నీకెట్ల తెలుసు, గందుకేనని?"

"అక్కా, ఇప్పుడు సప్పుడు జెయ్యనోళ్లందరు ఎటో ఒక దిక్కు ఉన్నట్టే."

ఆ కాలానికి ఆ మాట తప్పు కాదు. మా వీధిలో పాలు పోయించుకునేటప్పుడు కూడా ఎవరు ఏమన్నారు, ఎవరు ఏమనలేదు అని లెక్కగట్టేవారు. మౌనానికి ఒక జిల్లా పేరు అంటించకుండా ఎవరూ వదలలేదు. నేను మాత్రం, ఇచ్చిన మాట ఉంది గనుక, "ఎవలి తిప్పలు ఎవలికెరుక తమ్మీ. ఆమె దిక్కు చాయ్ పెట్టు, అంతే" అన్నాను.

అతను నన్ను ఒక క్షణం పరీక్షగా చూశాడు. ఆ సాయంత్రం చాట్ గదిలో కాదు, మేము మొదట్లో రాసుకునే పాత పేజీలో, అతని వాక్యం ఒకటి కనబడింది: "గుర్రాల దొంగ రెండో దర్వాజ కాడ చాయ్ పెట్టిండు. గాజులక్క వాటా మూత పెట్టి ఉంచిండు." కింద జై తెలంగాణ యథాతథంగా ఉంది. నేను దాన్ని కిందికి తీసుకువెళ్లి చూపించాను. టీచర్ గారు దాన్ని రెండుసార్లు చదివారు.

కొన్ని రోజుల తరువాత అదే పేజీలో ఆవిడ రాసినది వచ్చింది. కథ రెండో ద్వారం దగ్గర ఉంటే ఆవిడ మొదటి ద్వారం దగ్గరికి వెనక్కి వెళ్లి రాశారు. మగవాళ్లు కావలివాడిని కట్టేస్తున్న గొడవలో, గాజులావిడ పక్కనున్న గుడిసెలోకి వెళ్లి కావలివాడి భార్య ముందు గాజుల మలారం దించింది. ఆమె చేతికి డజను గాజులు ఎక్కిస్తూ, మొగుడి మీద ఆమె చాడీలన్నీ విని, ఆమె బొడ్లోని రెండో ద్వారం తాళంచెవిని గాజులకు బదులుగా తీసుకుంది. తిరిగి వచ్చేసరికి, కండక్టర్ ముందే రాసి ఉంచిన "కట్టేసినంక గాజులెందుకు" గాజులావిడకు ఎదురైంది. చివరి వాక్యం ఇది: "కొంగున తాళంచెవి ఉన్న మనిషికి జవాబెందుకు? గాజులావిడ నవ్వి ఊరుకుంది."

లెక్కల ఆయన నాకు ఫోన్ చేశాడు. "మేడం, రచనైతే అద్భుతంగా ఉందండీ. కానీ వెనక తేదీ వేసి రాయడం ఒప్పుకోవచ్చా? రేపు అందరూ వెనక్కి వెళ్లి నిధి ముందే తెచ్చేశామంటే?"

వెనక తేదీ వేసిన వోచరు నా వృత్తిలో మహాపాతకం. అటువంటివి తెచ్చినవారిని నేను బల్ల ముందు నిలబెట్టి తిప్పి పంపిన సందర్భాలు అనేకం. కాబట్టి ఆ రాతను ఆ చూపుతోనే మళ్లీ చదివాను. అప్పటికే రాసి ఉన్న అక్షరం ఒక్కటీ ఆవిడ చెరపలేదు. ఎవరి మనిషినీ కదిలించలేదు. ఎవరూ రాయకుండా వదిలిన చోట మాత్రమే రాశారు. తన నోటికి అడ్డంగా మరొకరు పెట్టిన వాక్యాన్ని సైతం తోసివేయకుండా, దానికి ఒక కారణం కల్పించి తనది చేసుకున్నారు.

"ఇది దొంగ వోచర్ గాదు సార్" అన్నాను. "అయిన ఖర్చే. బిల్లు ఆలస్యంగ వచ్చింది. పాస్ చేయండి."

అప్పటి నుంచి మా నియమాలలో ఒకటి చేరింది. వేగంగా రాసేవారు చాట్ గదిలో వేగంగానే ఆడవచ్చు. ఆలస్యంగా వచ్చినవారికి, జరిగినది చెరపకుండా, ఖాళీలలో తమ వంతు రాసుకునే హక్కు ఉంటుంది. మరొకరి మౌనాన్ని మాత్రం ఎవరూ రాయకూడదు. ఆ చివరి మాట లెక్కల ఆయనే చేర్చాడు, ఎవరూ అడగకుండానే. కండక్టర్ ఒక్క వాక్యమే రాశాడు: "తాళంచెవి జర ఇటియ్యి గాజులక్కా, చాయ్ పొంగిపోతున్నది."

సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలైన కొన్నాళ్లకు టీచర్ గారిని మలక్‌పేటలో వ్యాయామ చికిత్సకు తీసుకువెళుతూ దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కాను. ఎక్కే ముందే ఆవిడ నాతో అన్నారు: "టికెట్... నేనే... అడుగుతా." జనం కిక్కిరిసి ఉన్నారు. టికెట్ టికెట్ అంటూ జనాన్ని చీల్చుకుని వచ్చినది మా కండక్టరే. నన్ను చూసి నవ్వాడు. అతనే గుర్రాల దొంగ అని ఆవిడ చెవిలో చెప్పాను. ఆవిడ ఎవరో అతనికి తెలియదు.

"యాడికమ్మా?"

ఆవిడ నోరు తెరిచారు. మాట నాలుక చివర నిలబడింది. వెనక నుంచి ఎవరో "జల్ది కానియ్ భాయ్" అని అరిచారు. అతను నా వైపు చూశాడు, నేను చెబుతానని. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"మల... క్‌పేట," అన్నారు ఆవిడ. "రెండు." అతను టికెట్లు కొట్టి చేతికి ఇచ్చి ముందుకు కదలబోయాడు. ఆవిడ అతని చొక్కా చేయి పట్టుకున్నారు.

"చాయ్... పెట్టావా... నాయనా?"

అతను నిలబడిపోయాడు. ఆవిడ ముఖం వైపు, ఒళ్లో కదలకుండా ఉన్న కుడిచేతి వైపు, తరువాత నా వైపు చూశాడు. చాట్ గదిలో ఆ ఖాళీ తెర అతనికి అప్పుడు అర్థమైందని అనుకుంటాను. కానీ అతను క్షమాపణ చెప్పలేదు, జాలి చూపలేదు. ఆ రెంటిలో ఏది చేసినా ఆవిడ అక్కడే దిగిపోయేవారు.

"పెట్టిన, గాజులక్కా," అన్నాడు. "మరి నా గుర్రం సంగతేంది? నిన్న దాన్ని కుంటిదన్నవు. యాడ కుంటుతున్నదో చెప్పు ముందు!"

జనం అరుస్తున్నారు. అతను కడ్డీ పట్టుకుని, ఆవిడ వైపు వంగి నిలుచున్నాడు. టీచర్ గారు తీరికగా, ఒక్కొక్క ముక్కగా, జవాబు మొదలుపెట్టారు. అది పూర్తయ్యేసరికి మలక్‌పేట దాటిపోయింది. నల్లగొండ చౌరస్తాలో దిగి షేర్ ఆటోలో వెనక్కి వచ్చాం.