తువ్వాల కింది వేళ్లు

మా అక్క భర్తది నర్సింహులపేట. పశువుల అంగడిలో బేరాలు చేస్తాడు. తువ్వాల కింద ఎదుటివాళ్ల వేళ్లు నొక్కి ధర చెప్పడం ఆయన అలవాటు.

కిందటేడు బావా నేనూ విశాఖలో స్కూబా డైవింగ్‌కు దిగాం. నీటి అడుగున ఊపిరాడనట్టయి నేను నోటి గొట్టం పీకేయబోయాను. బావ నా చెయ్యి పట్టుకుని, బేరంలో లాగే ఒక్కో వేలూ నెమ్మదిగా నొక్కాడు. ఊపిరి కుదుటపడింది. తర్వాత రంగురంగుల చేపలను తీరిగ్గా చూశాం.

ఊరికొచ్చాక మాత్రం, భయపడి చెయ్యి వదలనిది ఆయనేనని చెప్పాను.

"ఏందన్నా, బామ్మర్ది చెయ్యి పట్టుకొని ఏడ్చినవట?" అని అంగడంతా ఆటపట్టించింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

మొన్న ఆ అంగడిలోనే అందరికీ నిజం చెప్పాను. గుక్క తిప్పుకోకుండా గడగడా చెప్పుకుపోయాను. బావ తువ్వాల కింద నా వేళ్లు నొక్కాడు.

"మెల్లగ ఊపిరి తీస్కో బామ్మర్ది. ఈడ నీళ్లేడున్నయ్?"